మార్కులన్నీ పడ్డాయి, మనసే పడలేదు

పరిషత్తు నాటకాల గురించి ఏదైనా రాయాలంటే ముందు రెండు దండాలు పెట్టడం మనకు ఆనవాయితీ. "ఈ రోజుల్లో కూడా నాటకాన్ని బతికిస్తున్నారు" అనేది మొదటిది. "పాపం, ఎంత కష్టపడి వేశారో" అనేది రెండోది. రెండూ నిజాలే. చిక్కేమిటంటే ఆ రెండు దండాలతోనే సమీక్ష అయిపోతుంది, మూడో వాక్యం ఎవరూ రాయరు. నేను రాయాలనుకుంటున్నది ఆ మూడో వాక్యమే: మన పోటీ నాటికలు చాలా బాగా తయారవుతున్నాయి, కానీ చూసినవాళ్లని ఎక్కడా తాకడం లేదు.

"బాగా తయారవుతున్నాయి" అని వెటకారంగా అనట్లేదు. మాది సూర్యాపేట. ఉద్యోగం హైదరాబాద్‌లో, కోడ్ రాసే పని. సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో నాటికల పోటీలు ఉన్నాయని తెలిస్తే శుక్రవారం సాయంత్రం బస్సెక్కేస్తాను. ఇలా కొన్నేళ్లుగా చూస్తున్నాను. ఈ నాటికల్లో పనితనం తక్కువేమీ కాదు. తెర లేవగానే ఇల్లు ఇల్లులా ఉంటుంది, గోడకి క్యాలెండరు, దాని కింద కుర్చీ, కుర్చీ మీద తుండు. లైటు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. డైలాగు ఎవరూ మర్చిపోరు. గంట అటూ ఇటూగా కథ మొదలై, ముడిపడి, విడిపోతుంది. పగలంతా బ్యాంకులోనో బడిలోనో పనిచేసి, సాయంత్రాలు రిహార్సల్ చేసి, సెలవు పెట్టుకుని, సెట్టు సామాను వ్యాన్‌లో వేసుకుని రాష్ట్రం దాటి వచ్చిన మనుషులు వీళ్లు. ఆ శ్రమ తెలుసు కాబట్టే ఈ గొడవ పెట్టుకుంటున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. తాకడం అంటే ఏడిపించడం అనుకుంటే నా ఫిర్యాదుకి అర్థమే లేదు. ఏడిపించడంలో మన నాటికలు ఆరితేరాయి. ముసలి తండ్రి కళ్లజోడు కిందపడి పగులుతుంది, వెనక వయొలిన్ వస్తుంది, నీలం రంగు లైటు దిగుతుంది, ముందు వరసలో కర్చీఫులు బయటికొస్తాయి. నాకూ కళ్లు చెమర్చాయి. హాలు బయటికొచ్చి టీ తాగేసరికి ఆరిపోయాయి. నేను అడిగేది వేరే. మర్నాడు ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఆ తండ్రి గుర్తొచ్చాడా? మా నాన్నకి ఫోన్ చెయ్యాలనిపించిందా? లేక ఫోన్ చెయ్యడానికి భయమేసిందా? ఏదో ఒకటి జరగాలి కదా. ఏదీ జరగనప్పుడు ఆ కన్నీళ్లు మోకాలి మీద డాక్టరు సుత్తితో కొడితే కాలు లేచినట్టు, అంతే.

మిర్యాలగూడలో చూసిన ఒక రైతు నాటిక గురించి చెప్తాను. కథ అందరికీ తెలిసిందే. అప్పు, ఎండిన పంట, కూతురి పెళ్లి, చివరికి తాడు. నటుడు అద్భుతంగా చేశాడు. తాడు వైపు చూసి చూపు తిప్పుకునే క్షణం దగ్గర హాల్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. చప్పట్లు మార్మోగాయి. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, పక్క మండలం నుంచి మనవడి బండి మీద వచ్చాడట. ఎట్లుంది పెద్దాయనా అని అడిగాను. "మంచిగనే చేసిన్రు తమ్మీ. మరి ఆయన ఏం పంటేసిండో చెప్పనే లేదు గద" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నేను చదివిన నాటక విమర్శంతా సరిపోదు. నిజమే, చెప్పలేదు. గంటసేపు వేదిక మీద చచ్చిపోతూ ఉన్న ఆ రైతుకి ఎన్ని ఎకరాలో తెలీదు. సొంతమా కౌలా తెలీదు. అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు, మిత్తి నూటికి ఎంత, తెలీదు. అతను "పుడమి తల్లి" గురించి మాట్లాడాడు, "బీటలు వారిన నేల" గురించి మాట్లాడాడు. హాలేమో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఊళ్లో ఉంది. చుట్టూ రైసు మిల్లులు. ఇక్కడి రైతుని రాత్రుళ్లు నిద్రపోనివ్వని విషయాలు వేరే. కాలువ చివరి భూములకి నీళ్లు ఎప్పుడు వదుల్తారు? ఐకేపీ కేంద్రంలో కుప్ప పోసిన వడ్లకి కాంటా ఎప్పుడవుతుంది? తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపితే మళ్లీ ఎక్కడ ఆరబొయ్యాలి? రాత్రి వాన పడితే పట్టాలు ఎవరు కప్పుతారు? బస్తాకి ఎంత తరుగు తీస్తారు? ఇందులో ప్రతి ప్రశ్నలోనూ ఒక నాటిక ఉంది. తేమ కొలిచే మిషను మీద అంకె మారే క్షణం ఏ క్లైమాక్స్‌కి తక్కువ? కానీ వడ్ల కుప్ప పక్కన నాలుగు రాత్రులు పడుకున్న మనిషి ఎదుట మనం బీటలు వారిన నేల పెట్టాం. లైటు సెకనులో వందో వంతు కూడా తప్పలేదు. రైతే ఎవరో తెలీలేదు.

నా అసలు ఆరోపణ ఇదే. మన నాటికల్లో పనితనం ఎంత కచ్చితమో, జీవితం అంత ఉజ్జాయింపు.

ఇంకొకటి. ఇదీ మిర్యాలగూడలోనే చూశాను, కులాంతర ప్రేమ కథ. అమ్మాయి తండ్రి పెద్ద మనిషి, పరువున్నవాడు. అబ్బాయి మంచివాడు, చదువుకున్నవాడు. తండ్రి గర్జిస్తాడు, తల్లి కుమిలిపోతుంది, చివర్లో ఒక ప్రమాదం, అబ్బాయి రక్తం ఇస్తాడు, తండ్రి మారిపోతాడు. "రక్తానికి కులం ఉందా?" అనే డైలాగుకి చప్పట్లు. అంతా అయ్యాక నాకు తట్టింది, ఆ గంటలో ఒక్క కులం పేరు కూడా వినపడలేదు. "మనవాళ్లు", "వాళ్లు", అంతే. ఇంటిపేర్లు కూడా లేవు. 2018 సెప్టెంబర్‌లో అదే పట్టణంలో పట్టపగలు, ఆస్పత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్ల ముందు ఒక దళిత యువకుణ్ని నరికి చంపారు. దేశమంతా ఆ సీసీటీవీ దృశ్యాన్ని చూసింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఊళ్లో కూర్చుని, కులం పేరెత్తకుండా కులం మీద నాటిక చూసి, తండ్రి మారిపోయాడని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లాం. నాటకం వార్తని వేదిక మీద దించాలని నేను అనడం లేదు. అది బాధ పడ్డవాళ్లకి ఇంకో బాధ అవుతుంది. కానీ ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయాన్ని తెలీనట్టు నటించడం వేదిక మీదివాళ్ల పని కాకూడదు. తండ్రులు రక్తం సీసా చూసి మారరని మాకు తెలుసు. మారని తండ్రిని చూపించండి. ఆయన్ని సమర్థిస్తూ టీ కొట్టు దగ్గర మాట్లాడేవాళ్లని చూపించండి. అప్పుడు చప్పట్లు రాకపోవచ్చు. రాకపోతేనే పని జరిగినట్టు.

ఎందుకిలా అవుతోంది? ప్రతిభ లేక కాదు. నా వృత్తి నుంచి ఒక పోలిక తెస్తాను. మేం ఏదైనా ప్రోగ్రాం రాస్తే దాన్ని పరీక్షించడానికి టెస్టులు రాస్తాం. కొన్నాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. వాడేవాడికి పనికొస్తుందా అని చూడటం మానేసి, టెస్టులు పాసయ్యేలా రాయడం మొదలవుతుంది. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా వెలుగుతాయి. వాడేవాడు మాత్రం ఫోన్ చేసి తిడతాడు. పోటీ నాటికకి పట్టిన జబ్బు అచ్చం ఇదే. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ హాస్యనటుడు, ఉత్తమ సంగీతం, ఉత్తమ రంగాలంకరణ, ఉత్తమ ఆహార్యం. ఇన్ని గళ్లున్న కాగితం ఒకటి ముగ్గురు న్యాయనిర్ణేతల చేతిలో ఉంటే, రచయిత కలం ఆ గళ్ల వెంటే నడుస్తుంది. హాస్యానికి ఒక పాత్ర కావాలి కాబట్టి పనివాడో పక్కింటివాడో వస్తాడు. ప్రతినాయకుడు కావాలి కాబట్టి అల్లుడు చెడ్డవాడవుతాడు. నటికి బహుమతి రావాలంటే ఒక పెద్ద ఏడుపు ఉండాలి. ఇలా తయారైన నాటిక ఒక సీజన్‌లో పది ఊళ్లు తిరుగుతుంది, అన్ని ఊళ్లలోనూ అదే నాటిక. అన్ని ఊళ్లకీ సరిపోవాలంటే ఏ ఊరి వాసనా ఉండకూడదు. అందుకే రైతు ఏం పంట వేశాడో చెప్పరు. వరి అంటే ఒక ఊరికి కుదరదు, మిర్చి అంటే ఇంకో ఊరికి కుదరదు.

వాసన అంటే భాష కూడా. కోదాడ నుంచి కాస్త ముందుకెళ్తే ఆంధ్ర సరిహద్దు. సూర్యాపేటకీ కోదాడకీ మధ్య ఉన్న మునగాల పరగణా ఒకప్పుడు నిజాం రాజ్యం నడుమ ఉండి కూడా బ్రిటిష్ కృష్ణా జిల్లా కిందే ఉండేది. అంటే ఈ ప్రాంతానికి రెండు యాసలు విని, రెండూ కలిపి మాట్లాడటం కొత్త కాదు. అలాంటిచోట కూడా వేదిక మీద వినపడేది ఒకే రకం తెలుగు. అది గుంటూరుదీ కాదు, నల్లగొండదీ కాదు. ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని పరిషత్తు తెలుగు. అందులో మా యాస వస్తే అది హాస్య పాత్ర నోట్లోనే వస్తుంది. మా అమ్మ ఏడ్చే భాషలో వేదిక మీద ఎవరైనా ఏడిస్తే పక్కవాడు నవ్వడానికి సిద్ధంగా ఉంటాడు. ఇది అలవాటు చేసింది ఎవరు?

ఇక అభ్యంతరాలు. మా మిత్రులు మూడు చెప్తారు.

మొదటిది పుస్తకాలు చదివినవాళ్లది. "నాటకం గుండెని తాకాలన్నది పాత మాట. బ్రెహ్ట్ ఏమన్నాడు? ప్రేక్షకుడు కరిగిపోకూడదు, ఆలోచించాలి." సరే, బ్రెహ్ట్ దగ్గరికే వెళ్దాం. 1941లో జ్యూరిక్‌లో 'మదర్ కరేజ్' మొదటిసారి వేసినప్పుడు ప్రేక్షకులు ఆ తల్లి మీద జాలితో కరిగిపోయారని తెలిసి, ఆయన కొన్ని దృశ్యాలు తిరగరాశాడు. యుద్ధం మీద వ్యాపారం చేసుకుని బతికే ఆ తల్లి మీద జాలి పడి ఇంటికెళ్లిపోతే సరిపోదని ఆయన బాధ. చూసినవాడు ఇబ్బంది పడుతూ ఇంటికి వెళ్లాలని ఆయన కోరిక. మన నాటికలు ఏ వైపు ఉన్నాయి? కరిగించడానికి కావలసిన సరంజామా అంతా వాడతాయి, ఆలోచన మాత్రం పుట్టించవు. కరిగించి ఊరుకోవడం బ్రెహ్ట్ వద్దన్న పనే. ఆయన పేరు చెప్పి దీన్ని సమర్థించలేం.

రెండోది: "తప్పు ప్రేక్షకుడిది. రీల్స్ చూసి చూసి మీకు ఏదీ ఎక్కట్లేదు." దీన్ని నేను ఒప్పుకోను. సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లో ఒగ్గు కథ చెప్తుంటే విన్నాను. మైకు గరగరమంటోంది. ట్యూబ్ లైటు కింద పురుగులు. కథకుడి గొంతు రాత్రి పదకొండుకే బొంగురుపోయింది. పరిషత్తు మార్కుల కాగితం ప్రకారం ఆయనకి ఏ గడిలోనూ బహుమతి రాదు. బీరప్ప కథలో తల్లి అడవిలో బిడ్డని వదిలేసే ఘట్టం దగ్గర డోలు ఆపించి, ముందు కూర్చున్న ఒక ముసలామెని, "ఏమవ్వా, నువ్వైతే ఇడిసిపోతువా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ మౌనం ఎంతసేపుందో చెప్పలేను. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న కుర్రాళ్లు కూడా అక్కడే ఉన్నారు, ఒక్కడూ ఫోన్ తియ్యలేదు. జానపదం స్వచ్ఛం, నాటకం కృత్రిమం అనే పాత పాట పాడబోవట్లేదు. చప్పగా చెప్పిన ఒగ్గు కథలూ విన్నాను. తేడా ఎక్కడుందంటే, ఆ కథకుడికి ఎదుట ఎవరు కూర్చున్నారో తెలుసు. పోటీ నాటికకి ఎదుట కూర్చున్న ముగ్గురు మాత్రమే తెలుసు.

మూడోది కాస్త పదునైనది: "నెలకి ఇంత జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ వాడివి, చేతి డబ్బులు పెట్టుకుని నాటకం వేసేవాళ్లని అంటావా?" అంటాను. చేతి డబ్బులు పెట్టుకున్న మనిషికి అబద్ధపు చప్పట్లు కొట్టడం కంటే అవమానం ఇంకోటి లేదు. నటీమణులు దొరకరు, ఉన్న కొద్దిమందే నాలుగు సమాజాల తరఫున తిరుగుతూ ఆఖరి రిహార్సల్స్‌కి అందుకుంటారు, హాలు అద్దెలు పెరిగాయి, ప్రభుత్వాలు పట్టించుకోవు. అన్నీ నిజమే. కానీ ఏం పంటో చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

న్యాయనిర్ణేతలే వద్దని నేననను. పోటీ మనకు కొత్తది కాదు. భరతుడి నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రదర్శన ఎలా సిద్ధించిందో చూసే పద్ధతి ఉంది, మంచి ప్రదర్శనకి పతాక ఇచ్చే పోటీ ఉంది, తీర్పు చెప్పే ప్రాశ్నికుల జాబితా కూడా ఉంది. ఆ జాబితా చదివి నేను నిటారుగా కూర్చున్నాను. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, సంగీతం తెలిసినవాడు, రాజోద్యోగి. పదిమందిలో సగం మందికి నాటకంతో సంబంధం లేదు. వేదిక మీద విల్లు పట్టుకున్నవాడు నిజంగా అలాగే పట్టుకుంటాడా అని చెప్పడానికి విలుకాడు. రాజు అలాగే ప్రవర్తిస్తాడా అని చెప్పడానికి రాజు. అంటే జీవితం తెలిసినవాడే పరీక్షకుడు. అదే అధ్యాయంలో ఇంకో మాట. నవ్వులు, ఆహాకారాలు, గగుర్పాటు, ఆనందం పట్టలేక ఉంగరాలూ వస్త్రాలూ విసరడం, ఇవన్నీ మానుష సిద్ధి కిందకి వస్తాయి. దానికి పైన దైవిక సిద్ధి ఉంది. రంగశాల నిండుగా ఉండి, చప్పుడు లేకుండా, కదలిక లేకుండా ఉండటం. చప్పట్లు కింది మెట్టు, నిశ్శబ్దం పై మెట్టు. మనం కింది మెట్టు మీద షీల్డులు పంచుకుంటున్నాం.

ఆ లెక్కన మిర్యాలగూడ పోటీకి న్యాయనిర్ణేతలు ఎవరుండాలి? నాటకం తెలిసిన ఒకరు, సరే. మిగతావాళ్లలో ఐకేపీ కేంద్రంలో కాంటా పెట్టే మహిళా సంఘం సభ్యురాలు, మిల్లు హమాలీ, ఆశా కార్యకర్త, హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయి ఉండాలి. నవ్వకండి, భరతుడి కంటే నేను ఎక్కువేమీ అడగలేదు.

ఈ నేల మీద నాటకం తాకిన రోజులు ఎంతో దూరంలో లేవు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి'ని 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచి, ఆ గెలుపు కోసమే ప్రాణం పోగొట్టుకున్న బందగీ కథ దాని వెనక ఉంది. అది అనుభవం లేనివాళ్లు ఆవేశంతో వేసిన నాటకం కాదు. డాక్టర్ గరికపాటి రాజారావు లాంటి దిట్టలు ఆ మండలిని నడిపారు. పనితనం అక్కడా ఉంది. కానీ ఆ నాటకంలో భూమికి సర్వే నంబరు ఉన్నంత నిర్దిష్టంగా శత్రువు ఉన్నాడు, చూసేవాడికి తన ఊరి దొర కనపడ్డాడు. ప్రభుత్వం నిషేధించింది. ఇవాళ మనం ఆడే ఏ నాటికనైనా నిషేధించాల్సిన అవసరం ఎవరికైనా ఉందా? కలెక్టరు గారు, ఎమ్మెల్యే గారు, మిల్లర్ల సంఘం అధ్యక్షుడు గారు ముందు వరసలో కూర్చుని చూసి, లేచి శాలువా కప్పి వెళ్తున్నారు. రైతు చచ్చిపోయే నాటిక చూసి మిల్లరు ఇబ్బంది పడలేదంటే ఆ నాటిక ఎవర్ని కాపాడినట్టు?

కాబట్టి నిర్వాహకులకి నాలుగు మాటలు. బహుమతుల్లో సగం తీసేయండి, మిగిలిన డబ్బుతో ప్రతి పరిషత్తూ ఏటా ఒక్క నాటికైనా ఆ ఊరి మీద, ఆ ఊరి భాషలో రాయించండి. పోటీకి తెచ్చేముందు దాన్ని ఎవరి గురించి రాశారో వాళ్ల ముందు ఒకసారి ఆడమనండి. ప్రదర్శన అయ్యాక శాలువాలకి పెట్టే అరగంట ప్రేక్షకుడికి ఇవ్వండి. చేతికి మైకిచ్చి, మీకేం అబద్ధంగా అనిపించింది అని అడగండి.

మీకు, అంటే ఇది చదువుతున్న వాళ్లకి, ఒకే ఒక్క మాట. లామకాన్‌లో నాటకం చూసి రాత్రికి రాత్రి పోస్టు పెడతారు, మలయాళం సినిమా మీద మూడు వేల పదాలు రాస్తారు. మీ ఊళ్లో వచ్చే పోటీలకి వెళ్లి ఒక్క నాటిక మీద నిజాయితీగా ఒక పేజీ రాయండి. రెండు దండాలు పెట్టండి, తప్పులేదు. ఆ తర్వాత రైతుకి ఎన్నెకరాలో, తండ్రిది ఏ కులమో, తల్లి ఏ యాసలో ఏడ్చిందో రాయండి. అవి నాటికలో లేకపోతే లేవని రాయండి. వాళ్లకి కోపం వస్తుంది. రానివ్వండి. మన నాటకం గురించి ఎవరికైనా కోపమొచ్చి ఎన్నేళ్లయింది?